రాడార్ బండి పక్కకు తిప్పిన చోటు

రోడ్డు ఎక్కడ కుంగబోతుందో ముందే చెప్పడం మా పని. కాగితాలమీద దానికి చాలా పెద్ద పేరుంది. కొత్తగా ఇందులోకి వస్తున్న మీకు ఆ పేరు ఎలాగూ మొదటి రోజే చెబుతారు కాబట్టి నేను రాయను. నేను పనిచేసిన ఆఫీసు పేరు కూడా రాయను. నా ఉద్యోగంలో సగానికి పైగా హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లోనే గడిచిందని మాత్రం చెబుతాను.

ఇతర దేశాల్లో సున్నపురాయి కరిగి ఇళ్లకు ఇళ్లే నేలలోకి దిగిపోయిన ఫొటోలు చూసి ఉంటారు. మనకు ఆ భయం లేదు. మన కింద ఉన్నది గట్టి రాయి, అది తనంతట తాను కరగదు. మన దగ్గర పడే గుంతలన్నీ మనుషులు చేసినవే. డ్రైనేజీ పైపు పగిలి చుట్టూ ఉన్న మట్టిని కొద్దికొద్దిగా లాక్కుపోతుంది. నాలా మీద పలకలు పరిచి రోడ్డు వేస్తారు. ఎప్పుడో తవ్విన నేలమాళిగను, పాత బావిని చెత్తతో నింపి పైన సిమెంటు పోస్తారు. ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కుని, పైపుల వయసు, నేల వాలు, పాత పటాలు, జనం ఇచ్చిన ఫిర్యాదులు అన్నీ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి, గల్లీకి ఎరుపో పసుపో పచ్చో రంగు వేయాలి. అనుమానం ఉన్నచోట రాడార్ బండి తోయాలి. అది పచ్చళ్ల బండి అంత ఉంటుంది. తోసుకుంటూ పోతే నేల లోపల ఏముందో తెరమీద గీతలుగా చూపిస్తుంది.

ఇది ఒంటరి పని. ముందే చెప్పడం మంచిది. మీరు పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు, జరగని దానికి మీకెవరూ థాంక్స్ చెప్పరు. ఏదైనా జరిగితే మాత్రం అందరికీ మీరే గుర్తొస్తారు. నయాపూల్ దగ్గర మా ఆఫీసులో వెనకవైపు కింది గది నాది. కోర్టు పనులమీద వచ్చినవాళ్లు దారి తప్పి అటు వచ్చేవారు. నా తలుపు తట్టినవాళ్లలో ఎక్కువమంది టాయిలెట్ ఎక్కడుందని అడగడానికే తట్టారు. కొన్ని వారాలు ఆఫీసులో నేను మనుషులతో మాట్లాడిన మాట అదొక్కటే.

మాది తెనాలి. నా భార్య సావిత్రి అక్కడ హైస్కూల్లో టీచరు. పెళ్లయిన కొత్తలో రెండేళ్లలో ఎవరో ఒకరికి బదిలీ వస్తుందనుకున్నాం. రాలేదు. తర్వాత అనుకోవడం కూడా మానేశాం. నేను శాలిబండలో రెండు గదులు అద్దెకు తీసుకుని, నెలకో రెండు నెలలకో రైలెక్కి వెళ్లి వచ్చేవాణ్ణి. మాకొక కూతురు. ఆమె పుట్టినప్పుడు కూడా నేను ఇక్కడే ఉన్నాను.

నర్సింగరావు గారి షట్టర్లు

నా పైఅధికారుల్లో ఇద్దరి గురించే చెబుతాను. మొదటివారు నర్సింగరావు గారు. కంప్యూటర్ అంటే ఆయనకు పడదు. నేను మూడు నెలలు కష్టపడి చేసిన మొదటి మ్యాప్‌ను బల్లమీద పరిచి కళ్లద్దాలు తీసి చూశారు.

"మస్తుగుందయ్యా. గోడకు కొడితే మంచిగ కనవడ్తది. గల్లీలకు పోయినవా?"

"ఫిర్యాదుల రికార్డు మొత్తం ఎక్కించాను సార్."

"ఈడ ఫిర్యాదు ఎవరిస్తరయ్యా? నువ్వొచ్చి రోడ్డు తవ్వితే ఆడు ఆర్నెల్లు దుకాణం బంద్ పెట్టుకోవాలె. గుంత పడితే ఆడే మట్టి, మలబా పోసి పూడ్సుకుంటడు. నీ మ్యాపుల సప్పుడు లేని గల్లీ ఏదుందో, ముందు గది జూడు."

ఆయనే నాకు షట్టర్లు చూడడం నేర్పారు. రోడ్డు కుంగడానికి నెలల ముందే దుకాణం షట్టరు ఒక పక్క పట్టేయడం మొదలవుతుంది. గాజుల దుకాణాల ముందు కూర్చుని, "భాయ్, షట్టర్ బరాబర్ చల్‌రా క్యా?" అని అడిగేవారు. వాళ్లు నవ్వి, నూనె వేసినా దిగడం లేదని చెప్పేవారు. ఆ గల్లీకి బండి తీసుకెళ్తే పదిసార్లలో ఆరేడుసార్లు కింద ఏదో ఒకటి దొరికేది. అడగడం వచ్చినవాడికి యంత్రం పనికొస్తుంది, రానివాడి చేతిలో అది ఉత్త బరువు. ఆయన దగ్గర నేను అడగడం నేర్చుకున్నాననే అనుకున్నాను.

హుస్సేనీ ఆలంలో ఒక గల్లీ

ఇక నా తప్పు సంగతి. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా జరిగింది.

హుస్సేనీ ఆలంలో పాల కిష్టయ్యది పాత కుటుంబం. నాలుగు బర్రెలు, ఇంటి పక్కనే కొట్టం. పొద్దున్నే సైకిలు మీద క్యాన్లు కట్టుకుని చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోస్తాడు. ఆ గల్లీలో అంతకుముందు ఒక మూల కొద్దిగా కుంగితే, బరువైన బండ్లు లోపలికి రాకుండా ఆపేశారు. అప్పటినుంచి నీళ్ల ట్యాంకరు గల్లీ మొదట్లోనే నిలబడిపోయేది. కిష్టయ్య, ఆయన భార్య నర్సమ్మ డ్రమ్ములు దొర్లించుకుంటూ బర్రెలకు నీళ్లు తెచ్చుకునేవారు. ఇద్దరికీ అరవై దాటాయి.

మళ్లీ బండ్లను రానివ్వవచ్చో లేదో చూడమని నన్ను పంపారు. నేను బండి దించుతుంటేనే కిష్టయ్య వచ్చి నిలబడ్డాడు.

"సార్, నాకు నీ మిషిన్లు గిషిన్లు ఎర్కలేదు. ట్యాంకర్ లోపలికి వస్తదా రాదా, గదొక్కటి జెప్పు."

"చూసి చెబుతానయ్యా."

"జల్ది సూడు సార్. మా ముసల్ది నడుం పట్టుకుంటుంది."

బండి తోయడం మొదలుపెట్టాను. గల్లీ పొడవునా అర మీటరుకొక వరస చొప్పున పోవాలి. కొట్టం దాటాక, రోడ్డు మధ్యలో సిమెంటు మీద పసుపు పూసి ఉంది. చాపంత మేర. మీద కుంకుమ బొట్లు, రెండు తమలపాకులు, నానబెట్టిన శనగలు కొన్ని. ఎవరో పూజ చేసుకున్నారు. దిష్టి తీశారేమో అనుకున్నాను, లేక ఏదైనా మొక్కు కావచ్చు. చెప్పులేసుకుని, రబ్బరు చక్రాల బండితో ఆ పసుపు మీదుగా పోవడానికి మనసొప్పలేదు. బండి పక్కకు తిప్పాను. ప్రతి వరసలోనూ అక్కడికి రాగానే చుట్టూ తిప్పి, దాటాక మళ్లీ దారిలో పెట్టాను.

ఇంటి గడపలో కూర్చుని నర్సమ్మ ఇదంతా చూస్తోంది. పని అయ్యాక ఇత్తడి గ్లాసులో చాయ తెచ్చింది. నీళ్లు కలపని పాలతో పెట్టిన చాయ.

"తాగన్నా. పసుపు తొక్కకుంట పోయినవ్. మంచి ఇంటి పుట్టుక."

గల్లీలో మిగతావాళ్లంతా సార్ అంటుంటే ఆమె అన్నా అంది. ఆ నగరంలో నన్ను కూర్చోబెట్టి, నా పని అయ్యేదాకా చూసి, చాయ ఇచ్చినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ పూట నాకు చాలా సంతోషమైంది. మరో గ్లాసు ఇస్తే అదీ తాగాను. లోపల పసిబిడ్డ ఏడుస్తుంటే, మనవడా అని అడిగాను, అవునంది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు లెక్కలు ఎక్కించాను. ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. కొలవని చోట కంప్యూటర్ ఊరుకోదు. అటూ ఇటూ ఉన్న అంకెలు చూసి, మధ్యలోది కూడా అలాగే ఉంటుందని తానే పూరిస్తుంది. పసుపుకు అటూ ఇటూ నేల గట్టిగా ఉంది. మధ్యలో కూడా గట్టిగా ఉన్నట్టు వచ్చింది. గల్లీ మొత్తం పచ్చగా తేలింది. కిష్టయ్యకు ఫోను చేసి, ట్యాంకరు రావచ్చని నేనే చెప్పాను.

ట్యాంకరు

మూడు వారాలు ట్యాంకరు బాగానే వచ్చింది. నాలుగో వారం, పొద్దున పదిన్నరకు, నిండు ట్యాంకరు వెనక్కి వస్తుంటే కొట్టం దాటిన చోట రోడ్డు ఒక్కసారిగా దిగిపోయింది. వెనక చక్రాలు లోపలికి పోయాయి. వెనక నిలబడి చెయ్యి ఊపుతున్న కిష్టయ్య కాలు బండికీ సిమెంటు పలకకీ మధ్య నలిగింది. ప్రాణం దక్కింది. కాల్లో రాడ్లు వేశారు. ఆయన మళ్లీ సైకిలు ఎక్కలేదు.

నేను వెళ్లేసరికి ట్యాంకరును క్రేనుతో పైకి తీస్తున్నారు. డ్రైవరు జహంగీర్ గోడవారన గొంతుక్కూర్చున్నాడు. గల్లీ జనం అతని మీద లొల్లి చేస్తున్నారు. నన్ను చూసి లేచి వచ్చాడు.

"సాబ్, రస్తా పాస్ హై బోలే నా? కాయితం జూస్కొనే లోపలికి తెచ్చిన. నా దగ్గర జిరాక్స్ గూడ ఉంది."

జేబులోంచి తీసి చూపించాడు. నాలుగు మడతలు పెట్టిన నా మ్యాపు. ఆ గల్లీ పచ్చగా ఉంది.

గుంతలోకి తొంగి చూశాను. గుండ్రంగా రాతి కట్టు కనిపించింది. పాత బావి. చెత్త, మట్టి వేసి నింపారు. పక్క డ్రైనేజీ కారి ఆ మట్టిని కొద్దికొద్దిగా కిందికి జార్చేసింది. పైన మిగిలింది జానెడు సిమెంటు. ఆ చోటు ఎక్కడో నాకు తెలుసు.

పదకొండు రోజులు

ఆ సాయంత్రమే గదిలో కూర్చుని రాడార్ బండి నడిచిన దారిని తెరమీదకు తెచ్చాను. రంగులు వేశాక ఆ దారి ఎవరూ చూడరు, నేను కూడా అంతకుముందు చూడలేదు. గీతలన్నీ తిన్నగా వచ్చి, ఒకే చోట పక్కకు వంగి, మళ్లీ తిన్నగా పోయాయి. మధ్యలో మనిషి పడుకునేంత ఖాళీ. బావి సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది.

రెండో పైఅధికారి గురించి ఇప్పుడు చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. నా మంచి కోరే చెప్పాడు.

"చూడండి, పాత బావి ఉందని ఎవరికి తెలుసు? డ్రైనేజీ లీకేజీ, డ్రైవరు అజాగ్రత్త. రిపోర్టు అంతవరకే. మ్యాప్‌ని ఇందులోకి లాగకండి. పోయే ముందు ఎందుకు మీకీ తలనొప్పి?"

"డ్రైవరు మీద కేసు పెట్టారటండి."

"పెడతారు. ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా."

జహంగీర్‌ను పనిలోంచి ఆపేశారు. లైసెన్సు తీసుకున్నారు. నిండు బండిని అజాగ్రత్తగా నడిపి మనిషిని గాయపరిచాడని కేసు. రుజువైతే ఇరవై ఏళ్లుగా పట్టిన స్టీరింగు మళ్లీ పట్టుకునే వీలుండదు. అతనికి వేరే పని రాదు. ఇవన్నీ తెలిసి కూడా నేను పదకొండు రోజులు నోరు విప్పలేదు. రోజూ ఆ గీతలు తెరిచి చూసేవాణ్ణి, మూసేవాణ్ణి. తప్పు నాదేనని ఆఫీసుకు రెండుసార్లు ఉత్తరం రాసి చింపేశాను. భయపడ్డాను, అంతే. పరువు అనో, పెన్షన్ అనో, కుటుంబం అనో కారణాలు చెప్పుకున్నాను కానీ అవన్నీ భయానికి తొడిగిన చొక్కాలు.

ఎవరితోనైనా చెప్పుకుంటే త్వరగా తేలేదేమో. చెప్పుకునేవాళ్లు లేరు. రోజూ ఫోను చేసే సావిత్రితో ఎండ గురించి, కూరగాయల గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ణి.

నర్సమ్మ చెప్పింది

పన్నెండో రోజు హుస్సేనీ ఆలం వెళ్లాను. కిష్టయ్య ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. నర్సమ్మ ఒక్కతే కొట్టం కడుగుతోంది. రెండు బర్రెలే ఉన్నాయి. మిగతా రెండింటినీ తమ్ముడి దగ్గరికి తోలిందట.

"నర్సమ్మా, ఆ రోజు రోడ్డు మీద పసుపు ఎందుకు పూశారు?"

"బాయి పూజ గదన్నా. మా కోడలు బాలింత. ఇర్వయొక్క దినాలకు బాయి కాడికి తీస్కపోయి, పసుపు పెట్టి, బొట్టు పెట్టి మొక్కిపిస్తం."

"అక్కడ బావి ఎక్కడుంది?"

"ఇప్పుడు లేదు. మా అత్త జమానల ఉండె. నేను గూడ గా బాయికే మొక్కిన. తర్వాత పూడ్సిండ్రు. పూడిస్తే మాత్రం గంగమ్మ యాడికి పోతది? ఆడనే మొక్కుతం."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

చీపురు ఆపి నావైపు చూసింది. నేను అడిగింది ఆమెకు అర్థం కాలేదు.

"నీకు ఎర్కనే అనుకున్న. తెల్సే బండి తిప్పినవనుకున్న."

కొట్టం గట్టుమీద కూలబడ్డాను. ఆమెకు అంతా చెప్పాను. తెలియక తిప్పానని, తిప్పడంవల్లే బావి మ్యాపులో కనపడలేదని, కిష్టయ్య కాలు నలిగింది జహంగీర్ వల్ల కాదని. అంతా విన్నాక ఆమె, "మీ ఇండ్లల్ల బాయి పూజ జెయ్యరా?" అని అడిగింది.

మా ఇంట్లో చేశారో లేదో నాకు తెలియదు.

గల్లీ బయటికి వచ్చి సావిత్రికి ఫోను చేశాను. అది ఆమె స్కూల్లో ఉండే వేళ. కంగారుగా ఎత్తింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. అమ్మాయి పుట్టినప్పుడు నీచేత నూతిలో చేద వేయించారా?"

"వేయించారు. ఇరవై ఒకటో రోజున. అమ్మ నూతికి పసుపు రాసింది, పిన్ని శనగలు పంచింది. ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

"నేను చూడలేదు కదా."

"మీరెలా చూస్తారు? మీకు సెలవివ్వలేదుగా."

నేను సెలవు అడగలేదు. ఇక్కడేదో సర్వే నడుస్తోంది, అడిగితే బాగుండదని నాకు నేనే అనుకుని, ఇవ్వలేదని ఉత్తరం రాశాను. ఆ ఒక్క పూట వెళ్లి చూసి ఉంటే, సిమెంటు మీద పసుపు, శనగలు కనపడగానే ఇక్కడ బావి ఏదమ్మా అని అడిగేవాణ్ణి. ఆ మాట ఫోనులోనే చెప్పేశాను, సెలవు అడగలేదని. అవతల పిల్లల గోల వినిపిస్తోంది.

"భోజనం చేశారా?" అంది సావిత్రి.

చేశానన్నాను. చేయలేదు. ఆమె పెట్టేసింది. రోడ్డు నిండా ఆటోలు, మనుషులు. నాకు మాత్రం ఎక్కడికి పోవాలో తోచలేదు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. ఈసారి చింపలేదు.

మీకు పనికొచ్చేది

కొలవని చోటుకు రంగు వేయకండి. తెల్లగా వదిలేయండి. మ్యాపు అందవికారంగా ఉందని పైవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. రంగులు చూసే ముందు మీరు నడిచిన దారి చూసుకోండి. ఎక్కడ వంగిందో, ఎందుకు వంగిందో రాసిపెట్టండి. రోడ్డు మీద ఎవరైనా మొక్కుకుంటే చుట్టూ తిరిగి పోవడం మర్యాదే, కానీ ఆగి అడగడం అంతకంటే మర్యాద. నాకు యాభై ఎనిమిదేళ్లకు తెలిసింది, మీకు ఇప్పుడే తెలిస్తే మంచిది.

ఉత్తరం తర్వాత నన్ను మ్యాపుల పని నుంచి తప్పించి, స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. రిటైరయ్యాక తెనాలి వెళ్తానని అందరూ అనుకున్నారు. సావిత్రి కూడా రిటైరైంది. వెళ్తాను. ఈలోగా నోట్‌బుక్ పట్టుకుని గల్లీల్లో తిరుగుతున్నాను. బాలింతలను ఎక్కడికి తీసుకెళ్లి మొక్కిస్తారని ముసలమ్మలను అడుగుతాను. ముస్లిం ఇళ్లలో ఆ పూజ ఉండదు, కానీ పెద్దావిడలు, "బావ్లీ? యహీఁచ్ థీ" అని, బావి ఇక్కడే ఉండేదన్నట్టు గడప ముందు కాలితో గీసి చూపిస్తారు. అవన్నీ గుర్తులు పెట్టి ఆఫీసుకు ఇస్తున్నాను. ఎవరైనా తెరిచి చూస్తున్నారో లేదో నాకు తెలియదు.

విచారణ

జహంగీర్‌కు లైసెన్సు, బండి రెండూ తిరిగొచ్చాయి. అదేమవుతుందోనని మీరు ఎదురుచూడకుండా ముందే చెబుతున్నాను. కానీ అవి నా ఉత్తరంతోనే రాలేదు. తెరమీద గీతలు పక్కకు వంగడం యంత్రం లోపం కావచ్చని మా పైఅధికారి వాదించారు. నేను కావాలనే బండి తిప్పానని చెప్పడానికి చూసినవాళ్లు కావాలని విచారణ అధికారి అన్నారు. చూసిన మనిషి ఒక్కతే ఉంది.

ఆమెను రమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. జహంగీర్ వెళ్లి అడిగాడు. నర్సమ్మ వచ్చింది. జహంగీర్ పక్కన అతని అన్నదమ్ములు, తోటి డ్రైవర్లు కూర్చున్నారు. మా పైఅధికారి పక్కన ఆఫీసువాళ్లు కూర్చున్నారు. కిష్టయ్య కర్ర ఆనించుకుని కొడుకు పక్కన కూర్చున్నాడు. నేను కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ లేరు.

విచారణ అధికారి నన్ను చూపించి నర్సమ్మను అడిగారు.

"ఈయన ఆ చోట మిషన్ పక్కకు తిప్పాడా? మీరు చూశారా?"

"తిప్పిండు సార్. నేను కండ్లార జూసిన." ఆగి, నావైపు ఒకసారి చూసి, మళ్లీ ఆయనవైపు తిరిగింది. "పసుపు తొక్కొద్దని తిప్పిండు. మంచోడు."

అధికారి గుమాస్తావైపు తిరిగి, "మొదటి మాట చాలు, రాసుకో," అన్నారు. గుమాస్తా 'తిప్పాడు' అని రాసి, కాగితం నావైపు జరిపాడు. అది నిజమేనని ఒప్పుకుంటూ నేను దాని కింద సంతకం చేశాను.